ఫ్యాను ఆపిన గది

మా కింది వాటా టీచరమ్మ పోయారు.

ఆ సంగతి తెలిసినప్పుడు నేను టి. నగర్‌లో మా చీరల షాపు రెండో అంతస్తులో, ఒక పెళ్లివారి ముందు పట్టుచీర కొంగు పరిచి పట్టుకుని ఉన్నాను. నడుముకు దోపుకున్న ఫోను వణికింది. పనిలో ఉండగా ఫోను చూడకూడదని షాపు రూలు. చూశాను. మా వీధి వాళ్ల గ్రూపులో తమిళంలో ఒకే వరస: తెలుగు టీచరు ఈ ఉదయం ఆసుపత్రిలో పోయారు. దాని కింద వరసగా దండం బొమ్మలు. ఎవరో మహానుభావుడు తొందరలో బొటనవేలు ఎత్తిన బొమ్మ నొక్కి, తరవాత నాలిక కరుచుకుని మార్చుకున్నాడు. ఇదే రంగులో ఇంకో అంచు లేదా అని పెళ్లికూతురి మేనత్త అడుగుతోంది. ఉంది. లేదని చెప్పేసి, కొంగు అక్కడే వదిలి బస్సెక్కాను.

పెరంబూరులో మా వైపు చావంటే చప్పుడు. డప్పులు, టపాకాయలు, దారి పొడుగునా పూలు. ఎవరింట్లో ఏం జరిగిందో వీధి మొదట్లోనే తెలిసిపోతుంది. ఆ రోజు మా ఇంటి ముందు షామియానా ఉంది, ప్లాస్టిక్ కుర్చీలున్నాయి, చప్పుడు మాత్రం లేదు. డప్పులవాళ్లను వద్దన్నది టీచరమ్మ తమ్ముడు. రైలుపెట్టెల ఫ్యాక్టరీలో చేసి రిటైరైన మనిషి, పెళ్లి చేసుకోలేదు, మొదట్నించీ అక్కతోనే ఉన్నాడు. నేను మామా అని పిలుస్తాను. ఎందుకు వద్దన్నావయ్యా అని అడిగిన ప్రతివాళ్లకూ ఆయన ఒకటే చెప్పాడు, అక్కకు రచ్చ పడదని.

పదో రోజు భోజనాలయ్యాక, ఆవిడ పాత విద్యార్థులు, ఇరుగుపొరుగు, మేమంతా వక్కపొడి నములుతూ కూర్చున్నప్పుడు, ఆయన తువ్వాలుతో ముఖం తుడుచుకుని నెమ్మదిగా అడిగాడు.

"మీలో ఎవురి దగ్గరన్నా అక్క గొంతు ఉండాదా? చుమ్మా, ఊరికే అడగతా ఉండా. ఉంటే ఒకసారి వింటాను."

ఒకతను ఫోను తీసి వెతికాడు. ఆవిడకు బటన్ల ఫోనే గదా, మాటలు రికార్డు చేసి పంపడం ఎక్కడిది. ఇంకొకామె రిటైర్మెంటు సభ వీడియో ఉందని గుర్తు చేసింది. దాన్ని మామ అప్పటికే చూశాడట. అందులో అక్క నిలబడి చాలాసేపు మాట్లాడుతుంది, చెయ్యి ఊపుతుంది, నవ్వుతుంది. ఫొటోగ్రాఫరు మొదట్నుంచి చివరిదాకా ఆ మాటల మీద నాదస్వరం మేళం పరిచేశాడు. టీచరమ్మ పెరంబూరు తెలుగు వాళ్లలో సగం ఇళ్ల గొంతుల్ని క్యాసెట్లలోంచి కంప్యూటర్లోకి ఎక్కించి కాపాడిన మనిషి. ఆవిడ గొంతు మాత్రం ఏ ఇంట్లోనూ లేదు.

ఒక్క మా ఇంట్లో ఉంది. నేను నోరు విప్పలేదు. నేను నోరు మూసుకోవడం వింతే, కావాలంటే మా షాపులో అడగండి. కానీ అది నా ఒక్కదాని సొత్తు కాదు. మా అమ్మను అడగందే ఒకరి చెవిన వెయ్యగల సంగతి కాదు. మామ తలొంచుకుని ఆకులు తియ్యడానికి లేచాడు.

ఆవిడ ఎవరో చెప్పకుండానే నేను పదో రోజుకు వచ్చేశాను. చెప్తాను.

వ్యాసర్పాడి వైపు ఒక తెలుగు మీడియం బడిలో ఆవిడ టీచరు. నేను ఐదో తరగతి అక్కడే చదివాను. పాఠం పైకి చదివించేవారు. గొంతు పీలగా వస్తే పుస్తకం మూయించి, ఆఖరి బెంచీ వాడికి వినపడిందో లేదో వాడినే అడగమనేవారు. పిల్లలు తమిళానికీ ఇంగ్లీషుకూ పోయి, తరగతులు ఒక్కొక్కటీ మూతపడి, ఆవిడ రిటైరయ్యేసరికి తెలుగు చదివేవాళ్లు ఒక చాప మీద సరిపోయేంత మంది మిగిలారు. ఆ తరవాత ఏం తోచక కంప్యూటరు నేర్చుకున్నారు. పాత శిష్యుడొకడు వాళ్ల తాత పాడిన పద్యాల క్యాసెట్టు తెచ్చి, టేప్ రికార్డర్లు పోతున్నాయి, దీన్నేం చెయ్యను టీచర్ అని అడిగాడట. అట్లా మొదలైంది. మొదట్లో ఎన్ని క్యాసెట్లు పాడు చేశారో ఆవిడే నవ్వుతూ చెప్పేవారు. అన్నీ తన సొంతవే, సినిమా పాటలవి.

పని చూడ్డానికి చాలా చిన్నది. టేప్ రికార్డర్లోంచి ఒక వైరు, కంప్యూటరు వెనక కన్నంలోకి. ఆ పాత కంప్యూటరుకు వెనక మూడు రంగుల కన్నాలుండేవి. ఆకుపచ్చది స్పీకరుకు, గులాబీది మైకుకు, నీలంది బయటి యంత్రంలోంచి వచ్చే శబ్దాన్ని లోపలికి తీసుకోవడానికి. నీలం కన్నం మంచి చెవి అనేవారు ఆవిడ. వైరులో వచ్చిందే వింటుంది, గదిలో ఎవరు దగ్గినా తుమ్మినా దానికి అక్కర్లేదు. అందుకే ఎన్ని క్యాసెట్లు ఎక్కించినా ఆవిడ గొంతు ఒక్కదాంట్లోనూ పడలేదు.

అంత మంచి చెవి అయినా ఆవిడ గదిలో మాత్రం చండశాసనం. ముందు ఫ్యాను ఆపాలి. రెగ్యులేటరు రొద వైరులోకి కర్రుమని దూరుతుందట. ఫ్రిజ్జు ఆపాలి, అది ఉలిక్కిపడి మొదలైనప్పుడల్లా టక్కుమంటుంది. వాకిట్లో బెల్లు ఎవరూ నొక్కకుండా తమ్ముణ్ణి మెట్ల మీద కాపలా పెట్టేవారు. కూరగాయలమ్మి వస్తే ఆయన నోటి మీద వేలుంచి, గేటు దగ్గరికి పోయి గుసగుసగా బీరకాయలు బేరమాడేవాడు. చెన్నై ఎండలో, తలుపులు మూసిన గదిలో, చెమటలు కారుతూ, హెడ్‌ఫోన్లు పెట్టుకుని టీచరమ్మ ఒక్కరే వినేవారు. క్యాసెట్టు తెచ్చినవాళ్లు ఎదురుగా స్టూలు మీద కూర్చోవచ్చు. మాట్లాడకూడదు. వైరులోకి పోదు గదా టీచర్, మాట్లాడితే ఏం అని నేనొకసారి అడిగాను. "ఆడ ఒక మనిషి మాట్లాడతా ఉండాడు మే. మధ్యలో మాట్లాడకూడదని బళ్లో చెప్పలా?" అన్నారు.

తొందర పెట్టేవాళ్లంటే పడేది కాదు. గంట క్యాసెట్టు గంటే పాడుతుంది, అరగంటలో పాడమంటే అది ఉడత కూతలాగా ఉంటుంది అనేవారు. పెళ్లినాటి మాటలు విని ఏడుపు మొదలుపెట్టిన వాళ్లకు మంచినీళ్లిచ్చి, ముందు విను, తరవాత ఏడువు అనేవారు. పని అయ్యాక పెన్‌డ్రైవు చేతికిచ్చి, వాళ్ల ఎదురుగానే తన కంప్యూటర్లోంచి తుడిపేసేవారు. ఇంటి మాటలు ఇంటికే పోవాలని పట్టుదల. ఇక గట్టిగా, ఆఖరి బెంచీకి వినపడేలా మెట్ల వైపు ఒక కేక. లోనికి రారా, ఫ్యాను వెయ్యి అని. తమ్ముడు వచ్చి స్విచ్చి వేసేవాడు. స్విచ్చి ఆవిడ చేతికి అందనిదేం కాదు. కాపలా అయిపోయిందని ఆయనకు చెప్పే పద్ధతి అది. మేం పై వాటాలో ఉండేవాళ్లం గనక ఆ కేక మా ఇంట్లోకి కూడా వినపడేది.

మా ఇంట్లోనూ ఒక క్యాసెట్టు ఉండేది. అది టీచరమ్మకు చాలా కాలం తెలియదు.

నాకు ఏడాది నిండకముందే మా నాన్న పోయాడు. ఆయనదీ రైలుపెట్టెల ఫ్యాక్టరీయే. ఫొటోలు రెండున్నాయి, రెండింట్లోనూ నోరు బిగించుకుని ఉన్నాడు. పోవడానికి కొన్నాళ్ల ముందు తోటి పనివాడి టేప్ రికార్డరు ఒక సాయంత్రం అడిగి తెచ్చి, ఇంట్లో మాటలు రికార్డు చేశాడట. ఆ క్యాసెట్టును అమ్మ ఆయన వాచీతో పాటు బిస్కెట్ల డబ్బాలో పెట్టి, ఆ తరవాత ఎప్పుడూ వినలేదు. నేను పెద్దదాన్నయ్యాక అడిగితే, పెట్టెలో ఉన్నంతసేపూ ఉన్నాడు, తీసి పాడైతే ఏం చేస్తావు అనేది. నాకు ఒళ్లు మండేది. నాన్న గొంతు ఎట్లా ఉంటుందో తెలియకుండానే నేను ఆయన వయసు దాటిపోయాను.

అమ్మ మనసు మార్చింది చెవి డాక్టరు. ఒక చెవి అప్పటికే పోయింది. రెండోది కూడా నిలవదని, ఎన్నాళ్లో చెప్పలేనని, ఈలోగా మిషను పెట్టుకోమని అన్నాడు. ఇంటికొచ్చి అమ్మ డబ్బా తీసి నా ముందు పెట్టింది. క్యాసెట్టు తెరిస్తే టేపు అంచులకు తెల్లటి బూజు. మెట్లు ఎట్లా దిగానో తెలియదు.

అప్పటికి టీచరమ్మ పాత కంప్యూటరు లేదు. తుఫాను నీళ్లు వ్యాసర్పాడి వైపు నుంచి వీధుల్లోకి ఎక్కినప్పుడు కింది వాటా మోకాలి లోతు మునిగి, అది పోయింది. దాని బదులు లాప్‌టాప్ కొన్నారు. దానికి నీలం కన్నం లేదని, ఎలక్ట్రానిక్ సామాన్లు దొరికే రిచీ స్ట్రీటుకు పోయి, అగ్గిపెట్టెంత సౌండు కార్డు ఒకటి తెచ్చి పక్కన తగిలించారు. వైరు దాంట్లోకి, అది లాప్‌టాప్‌లోకి. దానితో చాలా క్యాసెట్లు ఎక్కించారు కూడా. మా క్యాసెట్టును వెలుగులో పెట్టి అటూ ఇటూ తిప్పి చూశారు. బూజు మెత్తటి గుడ్డతో తుడిచారు, స్క్రూలు విప్పి టేపును కొత్త డబ్బీలోకి మార్చారు, నీడన ఆరబెట్టారు. మమ్మల్ని పిలిచి, దాచకుండా చెప్పారు.

"ఇది ఒక్కసారికి పాడతాది అక్కా. రెండోసారికి నేను మాటియ్యను."

అమ్మ సరేనంది. ఆ ఆదివారం షాపుకు సెలవు పెట్టాను. పొద్దున ఆవిడ వేరే క్యాసెట్టు పెట్టి పరీక్ష చేసి చూసుకున్నారు, అంతా సరిగ్గానే ఉంది. మేం అన్నాలు తిని దిగేసరికి లాప్‌టాప్ తనంతట తాను ఆగిపోయి, మళ్లీ వెలిగి, ఏమీ ఎరగనట్టు కూర్చుని ఉంది. ఇవి కొత్త రకం, నిద్రలో లేచి నడుస్తాయి అని విసుక్కుని ఆవిడ తెర మీద ప్రోగ్రాములన్నీ మళ్లీ తెరుచుకున్నారు. మామ మెట్ల మీదికి పోయాడు. ఫ్యాను ఆగింది. అమ్మకు హెడ్‌ఫోన్లు పెట్టారు.

పెట్టగానే చెవి మిషను కుయ్యిమని మొదలుపెట్టింది. తీస్తే ఆగుతుంది, పెడితే కూస్తుంది. మిషను తీసేస్తే అమ్మకు ఏమీ వినపడదు. అటు తిప్పారు, ఇటు జరిపారు, నా తల ప్రాణం తోకకు వచ్చింది. ఎక్కించాక వింటే పోదా అన్నాను నేను. అమ్మ నా వైపు చూడలేదు. టీచరమ్మనే చూస్తూ, ఆయన మాట్లాడుతుంటే నేను లేకుండానా అంది. రికార్డు చేసేటప్పుడు స్పీకరు తెరవడం ఆవిడ ఎన్నడూ చెయ్యని పని. పోయి బీరువా మీద నుంచి స్పీకరు దించి, దుమ్ము తుడిచి, టేప్ రికార్డరుకు తగిలించి, అమ్మ మోకాళ్లకు దగ్గరగా పెట్టారు.

"శరి. నోరు మాత్రం మెదపొద్దండి."

మీట నొక్కారు. టేపు కదిలింది. ముందు ఉత్త బుస. ఆ బుస ఎంతసేపు సాగిందో, నేను టేపు చక్రాలే చూస్తున్నాను. సన్నగా కీచుమంది. టీచరమ్మ చెయ్యి టేప్ రికార్డరు మీదికి పోయి, అంటీ అంటనట్టు ఆగింది. కంప్యూటరు తెర మీద ఆకుపచ్చ గీతలు ఎగిరాయి. గీతలు ఎగిరితే శబ్దం ఎక్కుతున్నట్టే.

"ఏమ్మే, ఉండావా, పోయినావా?"

మా నాన్న. నేను బొంగురు గొంతు ఊహించుకున్నాను. ఫొటోలో ఆ మీసాలు చూసి అట్లా అనుకున్నాను. కాదు, సన్నటి గొంతు, కుర్రవాడి గొంతు, వెనకే నవ్వు. మా షాపులో చీరలు మడిచే పిల్లల ఈడు. అమ్మను ఒక్క మాట మాట్లాడమని బతిమాలుతున్నాడు. గాజుల చప్పుడు తప్ప అమ్మ మాట లేదు, సిగ్గుపడి మాట్లాడలేదట. పేరు చెప్పు చాలు అంటాడు. మీ అమ్మ మాట్లాడదంట, నువ్వన్నా మాట్లాడు అని నన్ను మైకు ముందుకు తెస్తాడు. నేనేదో ఊకొడతాను. సరే నేనే మాట్లాడతా అని, ఆ పూట కూర ఏంటో, డ్యూటీలో ఎవరితో ఎందుకు పోట్లాడాడో, నాకు ఎన్ని పళ్లు వచ్చాయో చెప్పుకుంటూ పోతాడు. మధ్య మధ్య అదే ప్రశ్న. టేపు మళ్లీ కీచుమంటోంది. గోధుమరంగు పొడి రాలి రికార్డరు లోపల పేరుకుంటోంది. గొంతు ఒకసారి నీళ్లలో మునిగినట్టయి పైకి లేచింది. టీచరమ్మ నుదుటి మీద చెమట కళ్లలోకి దిగుతున్నా తుడుచుకోవడం లేదు. ఇంకెంత ఉందని నేను వేళ్లతో సైగ చేశాను. ఆవిడ తల ఊపారు, చూడకుండానే.

చివరికి నాన్న గొంతు దగ్గరగా వచ్చింది. మైకును నోటికి ఆనించుకున్నట్టున్నాడు.

"క్యాసెట్టు అయిపోతా ఉండాది మే. ఉండావా? ఒక్క మాట చెప్పు."

"ఈడే ఉండాను," అంది అమ్మ.

పైకే అంది. చెవి సరిగ్గా వినపడని వాళ్లు మాట్లాడినట్టు, గట్టిగా. కళ్లలోంచి నీళ్లు కారిపోతుంటే, స్పీకరు మీదికి వంగి, ఈడే ఉండాను, యాడికీ పోలా, చెప్పు అంది. నేను టీచరమ్మ వైపు చూశాను. ఆవిడ వేలు పెదాల దాకా లేచింది. అక్కడే ఆగి, మెల్లగా దిగిపోయింది. టేపు ఇంకొంచెం తిరిగి, టక్కుమని ఆగింది. అమ్మ వెక్కుతోంది. కుర్చీ జరిపి లేచి, ఎప్పటిలాగే టీచరమ్మ తమ్ముణ్ణి కేకేశారు. ఫ్యాను తిరిగింది.

తరవాత రికార్డు ఆపి, ఆవిడ ఎప్పుడూ చేసే పని చేశారు. హెడ్‌ఫోన్లు పెట్టుకుని, ఎక్కింది సరిగ్గా ఉందో లేదో మొదట్లో ఒకసారి, మధ్యలో ఒకసారి వినడం. వింటూ ఉండగానే ముఖం పాలిపోయింది. హెడ్‌ఫోన్లు తీసి నా తలకు తగిలించారు.

దూరంగా మా నాన్న. ముందు కాకి. తరవాత పెరంబూరు స్టేషను వైపు నుంచి రైలు కూత. పక్కింటి కుక్కరు. అమ్మ ముక్కు ఎగబీలుస్తోంది, నా స్టూలు కిర్రుమంటోంది. మేం కూర్చున్న గదంతా ఎక్కింది. నాన్న ఆ గదిలో ఒక మూల స్పీకర్లోంచి మాట్లాడుతున్న మనిషి, అంతే.

నాకు అర్థమయ్యేలా ఆవిడే చెప్పారు. లాప్‌టాప్‌కు రెండు చెవులు. ఒకటి వైరు తగిలించిన చిన్న డబ్బా. రెండోది దాని సొంతది, తెర పైన సన్నటి మైకు. మధ్యాహ్నం ఆగి మళ్లీ వెలిగినప్పుడు అది డబ్బాను వదిలేసి తన సొంత చెవికి మారిపోయింది. ఎప్పటిలాగా స్పీకరు తెరవకుండా ఉంటే, గదిలో చప్పుడు లేక గీతలు ఎగిరేవి కావు, ఆవిడకు మొదట్లోనే తెలిసిపోయేది. అమ్మ కోసం స్పీకరు పెట్టడం వల్ల అన్నీ సరిగ్గా ఉన్నట్టే కనపడింది.

"తప్పు నాదే మే. గీతలు ఎగరతా ఉంటే చాలనుకున్నా. ఏ చెవితో వింటా ఉండాదో చూడలా."

మళ్లీ పెట్టండి అన్నాను. ఆవిడ రికార్డరు తల శుభ్రం చేసి, టేపు వెనక్కి తిప్పి, ఈసారి చెవి ఏదో రెండుసార్లు చూసుకుని మీట నొక్కారు. బుస వచ్చింది. ఏమ్మే అన్నంత వరకు గొంతు వచ్చింది. ఆ పైన కీచు, దాని మీద గురగుర, ఆ తరవాత ఉత్త బుస. తీసి చూస్తే టేపు మీద పూతంతా రాలిపోయి, వెలుగు పెడితే అవతలి వేళ్లు కనపడుతున్నాయి.

ఊళ్లోవాళ్ల పెళ్లిళ్లన్నీ చక్కగా ఎక్కించారు, మా నాన్న ఒక్కడే దొరికాడా మీకు అన్నాను. అన్నాను. ఇప్పుడు ఆవిడ లేరు గదా అని ఆ మాటను తేనెలో ముంచి చెప్పను; అట్లా చెప్తే ఆవిడే ఒప్పుకోరు. ఆవిడ ఎదురు చెప్పలేదు, సాకు వెతకలేదు. అది నన్ను ఇంకా మండించింది. అమ్మను రెక్క పట్టుకుని మెట్లెక్కించాను. మామ గేటు దగ్గర నిలబడిపోయాడు.

కొన్నాళ్లు మెట్ల మీద ఎదురుపడినా నేను పక్కకు తిరిగి పోయాను. కింది వాటాలో పగలంతా కిటికీలు మూసే ఉండేవి. ఒక సాయంత్రం ఆవిడే పైకి వచ్చారు. మోకాళ్ల నొప్పి మనిషి, మెట్టుకొకసారి ఆగుతూ, లాప్‌టాప్ చంకలో పెట్టుకుని, ఇంకో చేతిలో బళ్లో వాడే పలక. ఈలోగా అమ్మ రెండో చెవి బాగా మందగించింది. కాకి అరుపు తీసేశాను, కుక్కరు చాలావరకు తీసేశాను, రైలు కూత మాత్రం ఎట్లా తీసినా నాన్న గొంతులో కొంత ఊడొస్తోంది అని నాకు చెప్పారు. తరవాత పలక మీద పెద్ద అక్షరాలతో రాసి అమ్మకు చూపించారు. చివర్లో మీ మాటలు ఆయన మాట మీద పడ్డాయి. అవి తీసేస్తే ఆయన గొంతు శుభ్రంగా వస్తుంది. తీసేదా?

అమ్మ పలక చదివి, కొంగుతో తుడిచేసింది.

"వద్దు టీచరమ్మా. ఆయన అడిగినాడు, నేను చెప్పినాను. నా మాట తీసేస్తే ఆయన అడగతానే ఉంటాడు."

అమ్మ ఆగలేదు. కాకిని కూడా ఉండనీ, ఏదీ తియ్యొద్దు, ఆ పూట ఎట్లా జరిగిందో అట్లా ఇయ్యి అంది. ఆవిడ కుర్చీలో కూలబడి, కళ్లజోడు తీసి పమిట చెంగుతో ముఖం కప్పుకున్నారు. ముందు విను, తరవాత ఏడువు అని అందరికీ చెప్పిన మనిషి ఏడవడం నేను అప్పుడే చూశాను. నా కోపం ఎటు పోయిందో తెలియదు. కాఫీ కలిపి తెచ్చాను. చక్కెర ఎక్కువైందని తిట్టి తాగారు. ఏమీ తియ్యని మొదటి రికార్డింగును పెన్‌డ్రైవులో వేసి అమ్మ చేతికిచ్చారు. మా ఎదురుగా తన దగ్గరున్నది తుడిపేశారు.

ఆ తరవాత కూడా క్యాసెట్లు ఎక్కించడం మానలేదు. లాప్‌టాప్ మూతకు లోపలి వైపు ఒక కాగితం ముక్క అంటించుకున్నారు, "ఏ చెవి?" అని. ఎప్పుడు కనపడినా, విన్నావా మే అని నన్ను అడిగేవారు. వినేదాన్ని. మొదట్లో నాన్న కోసం విన్నాను. పోను పోను అమ్మ జవాబు కోసం వినడం మొదలైంది. ఆవిడ పని సరిగ్గా జరిగి ఉంటే ఆ జవాబు గాలికి పోయేది. ఈ మాట ఆవిడకు ఒకసారి చెప్పాను. తప్పు తప్పే మే, దానికి పసుపు రాసి బొట్టు పెట్టొద్దు అన్నారు.

పదో రోజు రాగిచెంబులూ విస్తర్లూ సర్దుతున్నప్పుడు బల్ల మీద ఆ లాప్‌టాప్ తెరిచే ఉంది, కాగితం అట్లాగే ఉంది. పైకి వచ్చి, ఇప్పుడు అమ్మ దగ్గరే ఉంటున్న ఆ పలక తీసుకుని రాశాను. మామ వాళ్ల అక్క గొంతు వినాలంటున్నాడు. మన దాంట్లో చివర్లో ఉంది. వినిపించేదా?

అమ్మ పలక చదివింది. ఆ మాటలు ఇంతవరకు మేమిద్దరం, టీచరమ్మ తప్ప ఎవరూ వినలేదు. కట్టుకున్న వాడికి ఇచ్చిన జవాబు బయటి మగమనిషి చెవిన పడడం ఆమెకు చిన్న సంగతి కాదు. వద్దంటుందనే అనుకున్నాను. ఆ గదిలో టీచరమ్మ కూడా ఉండింది గదా, వాళ్ల తమ్ముణ్ణి రమ్మను అంది.

మామ మర్నాడు సాయంత్రం వచ్చాడు. స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఎవరింటికో విందుకు వచ్చినట్టు. లోపలికి రమ్మంటే రాలేదు. నాకు ఈడ అలవాటు అని గడప అవతల, మెట్టు మీద కూర్చున్నాడు. ఇన్నేళ్లలో ఆయన ఒక్క క్యాసెట్టు కూడా లోపల కూర్చుని వినలేదు గదా. నేను ఫ్యాను ఆపాను. అమ్మ స్పీకరు మీద అరచెయ్యి ఆనించుకుని కూర్చుంది. ఇప్పుడు ఆమెకు వినపడేది అంతే.

కాకి అరిచింది. రైలు కూసింది. నాన్న అడిగాడు, అడిగాడు, అడుగుతూనే ఉన్నాడు. మామ తల వంచుకుని, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వింటున్నాడు. అమ్మ జవాబు వచ్చినప్పుడు ఆయన ముఖం పక్కకు తిప్పుకున్నాడు. టేపు టక్కుమని ఆగింది. అమ్మ వెక్కిళ్లు. కుర్చీ జరిగిన చప్పుడు. అప్పుడు, మైకుకు బాగా దగ్గరగా, ఆఖరి బెంచీకి వినపడే గొంతుతో టీచరమ్మ పిలిచారు.

"అయిపోయిందిరా అబ్బాయా. లోనికి రా. ఫ్యాను వెయ్యి."

మామ గబుక్కున లేచాడు. చెప్పులు విడిచి, గడప దాటి లోపలికి వచ్చాడు. పై వాటాకూ కింది వాటాకూ ఒకటే కొలత, స్విచ్చి అదే చోట ఉంటుంది. ఆయన చూడకుండానే చెయ్యి చాపి ఫ్యాను వేశాడు.